జనానా స్టూడియో తెరిచిన రాజా దీన్‌దయాళ్

మా ఉస్మాన్‌గంజ్‌లో బస్తాల లారీలను తప్పించుకుని, నయాపూల్ దాటి చార్మినార్ దగ్గరికి వెళ్లి చూడండి. ఫోను నిలువుగా పట్టుకుని కొందరు, అడ్డంగా తిప్పి కొందరు... పది ఫోటోలు తీసి తొమ్మిది చెరిపేస్తుంటారు! అదే చార్మినార్‌ని నూరేళ్ల కిందటే గాజుపలక మీదికి ఎక్కించాడు రాజా దీన్‌దయాళ్.

ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్ పబ్లిక్ వర్క్స్‌లో ఉద్యోగంలో చేరాడు. 1874 ప్రాంతంలో సరదాగా పట్టిన కెమెరా చివరికి ఆ ఉద్యోగాన్నే మానిపించింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ని తన ఆస్థాన ఫోటోగ్రాఫర్‌ని చేసుకుని, 1894లో రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ బిరుదిచ్చాడు.

మా నాన్నగారి పాత ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో బొమ్మ చదరంగా వచ్చేది, రీలుకి 12. తర్వాత కొన్న 35 ఎం.ఎం. కెమెరాలో అడ్డబొమ్మలు, రీలుకి 36. ఒక్క మనిషైతే చదరంలో నిండుగా ఉంటుంది. పెళ్లిపందిట్లో చుట్టాలంతా పట్టాలంటే అడ్డబొమ్మే నయం. దీన్‌దయాళ్ చేతిలో రీలెక్కడిది? అన్నీ గాజుపలకలే, కొన్ని 10×12 అంగుళాలవి. పలక ఎంతుంటే అచ్చయ్యే బొమ్మా అంతే. నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక అద్దంలో చూస్తే అంతా తలకిందులు! గోడ నిటారుగా ఉందా, మనిషి చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నది ఆ తలకిందుల్లోనే తేల్చుకోవాలి. పలకకి ఒకటే బొమ్మ మరి!

నాకు ఆయనంటే గౌరవం కలిగింది మాత్రం ఇంకో సంగతికి. ఘోషా స్త్రీలు పరాయి మగవాడి ఎదుటికి రారు కదా, మరి వాళ్లకి ఫోటో ఎలా? 1892లో హైదరాబాదులో ఆడవాళ్లకోసమే జనానా స్టూడియో తెరిచి, కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడకి అప్పగించాడు. లోపల పనిచేసేదీ ఆడవాళ్లే. మా అత్తగారింట్లో గోడనిండా తాతముత్తాతల పటాలున్నాయి. ముత్తవ్వ మొహం ఎలా ఉండేదో చూద్దామంటే ఒక్క బొమ్మా లేదు! అందుకే రాజులూ రాజమహళ్లూ ఉన్న ఫోటోలకంటే ఆ స్టూడియోయే నాకు గొప్పగా తోస్తుంది.

దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశాడు. ఆయన గాజుపలకలు 2,857ని 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో ఆయన పేర తపాలాబిళ్ల కూడా వచ్చింది.

ఈసారి అమ్మనో అత్తగారినో వంటింట్లోంచి పిలిచి కూర్చోబెట్టండి. చేతిలో ఒక్క పలకే ఉందనుకుని, నిదానంగా చూసి తీయండి. మన మనవరాళ్లు వెతుక్కునేది ఆ బొమ్మే.