పట్టా లేని పక్షుల పండితుడు

మాది తిరువూరు దగ్గర నెమలి. హాస్టల్‌లో చేరిన కొత్తలో ఊరి పేరు చెబితే పురి విప్పి ఆడమని ఏడిపించేవారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. అందుకే పట్టా లేక ఉద్యోగం దక్కని సలీం అలీ కథ నన్ను వదల్లేదు.

ఆయన 1896 నవంబర్ 12న ముంబయిలో పుట్టారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్లకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టి చూస్తే, దాని మెడ కింద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో మేనమామకూ తెలియలేదు. దాంతో కుర్రాణ్ణి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. 1883లో పుట్టిన సంస్థ అది. కార్యదర్శి మిల్లార్డ్ విసుక్కోకుండా అల్మారాలు తెరిచి, గడ్డి కూరి భద్రపరిచిన పక్షులను ఒక్కొక్కటిగా చూపించారు. (ఆయన ఆ రోజు కసిరి పంపేసి ఉంటే?)

కాలేజీ చదువు మధ్యలో ఆగింది. బర్మాలో కుటుంబ వ్యాపారం చూసుకోవడానికి వెళ్లారు, అదీ కలిసిరాలేదు. జువలాజికల్ సర్వేలో ఉద్యోగానికి డిగ్రీ అడ్డొచ్చింది. 1926లో మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరి, సెలవు పెట్టి జర్మనీ వెళ్లి పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగొస్తే ఆ పోస్టే తీసేశారు! ఖాళీగా కూర్చోకుండా కిహిం అనే సముద్రతీర గ్రామంలో గిజిగాడి గూళ్లు గమనించారు. తర్వాత ఖర్చులిస్తే చాలు, జీతం వద్దంటూ సంస్థానాల్లో పక్షుల సర్వేకు ముందుకొచ్చారు. 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగారు. భార్య తెహ్మీనా వెంటే ఉన్నారు. 1939లో ఆమె చిన్న ఆపరేషన్ తర్వాత కన్నుమూశారు.

1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత సొసైటీకి డబ్బు కటకట వస్తే నెహ్రూకు రాసి సాయం తెచ్చారు. 1976లో వచ్చిన గెట్టీ బహుమతి యాభై వేల డాలర్లలో ఎక్కువ భాగం సొసైటీకే ఇచ్చేశారు.

మా ఊరివాళ్లు కోప్పడతారేమో గానీ ఇదొకటి చెప్పాలి. జాతీయ పక్షిగా నెమలి వద్దు, బట్టమేక పిట్ట కావాలన్నారాయన. నెమలికి రక్షణ అంత అవసరం లేదు, బట్టమేకకు ఉంది. 1963లో నెమలినే ఎంచుకున్నారు. ఇప్పుడు బట్టమేకలు దేశం మొత్తం మీద రెండు వందలు కూడా లేవు.

1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దొరికింది. కనిపెట్టింది సొసైటీ పరిశోధకుడే. అప్పటికి సలీం అలీకి ఎనభై తొమ్మిదేళ్లు. మరుసటి ఏడాది ఆయన పోయారు. తర్వాత ఆ పిట్ట కోసం లంకమల అడవిని అభయారణ్యం చేశారు, తెలుగుగంగ కాలువ దారి మళ్లించారు.