రాళ్లను చదివిన మనిషి – రాబర్ట్ బ్రూస్ ఫుట్



మన హాస్టల్లో చదివినవాళ్లలో యాగంటి చూడనివాళ్లు ఉండరనుకుంటాను. కోనేట్లో స్నానం చేస్తాం, బసవన్న ఇంకెంత పెరిగాడో చూస్తాం, అగస్త్య గుహ, వెంకటేశ్వర గుహ, బ్రహ్మంగారి గుహ ఎక్కి దిగి ఇంటికొస్తాం. అలాంటి గుహల్లోనే, ఇక్కడికి దగ్గర్లోని బేతంచెర్ల కొండల్లో, 140 ఏళ్ల క్రితం ఒక మనిషి మట్టి తవ్వించి మానవుడి పుట్టుపూర్వోత్తరాల కోసం వెతికాడు. భారతదేశ చరిత్రపూర్వ యుగ పరిశోధనకు పితామహుడిగా పేరుపొందిన ఆయనే రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఫుట్ 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించారు. 1858లో భారత భూగర్భ సర్వేలో ఉద్యోగంలో చేరి మద్రాసు వచ్చారు. కొండల్లో, వాగుల్లో గుడారాలు వేసుకుని రాళ్ల రకాలను గుర్తించి పటాలు గీయడం ఆయన పని.

ఆ రోజుల్లో యూరప్ పండితులు ఒక కొత్త సంగతి ఒప్పుకున్నారు. ఫ్రాన్సులో సోమ్ నది లోయలో దొరికిన చెక్కుడు రాళ్లు అతి ప్రాచీన మానవుడి పనిముట్లేనని 1859లో నిర్ధారించారు. ఫుట్ ఈ సంగతి మనసులో పెట్టుకున్నారు. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో కంకర గుంటలో ఆయనకు ఒక రాయి దొరికింది. అది మనిషి చెక్కిన చేతిగొడ్డలి. అప్పటికి ఆయన వయసు 28 ఏళ్లు. అదే ఏడాది సెప్టెంబరులో తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కం దగ్గర మరిన్ని పనిముట్లు కనుగొన్నారు. ఈ దేశంలో పాతరాతియుగం ఉందని లోకానికి తెలిసింది అప్పుడే.

ఇక మన ప్రాంతం విషయానికి వద్దాం. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల గురించి 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశారు. నలభై ఏళ్ల తరువాత ఇంగ్లండులో ప్రసిద్ధ శాస్త్రవేత్త హక్స్‌లీ కోరిక మీద మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఆ గుహలను పరిశోధించే పని ఫుట్‌కు అప్పగించారు. 1884లో ఫుట్ ఆ పని మొదలుపెట్టగా, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ కొనసాగించారు. ఖడ్గమృగం వంటి జంతువుల ఎముకలు ఎన్నో బయటపడ్డాయి. ఎముకతో చేసిన పనిముట్లు కూడా దొరికాయని ఫుట్ ప్రకటించారు. చాలామంది నమ్మలేదు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు బేతంచెర్ల దగ్గరే ముచ్చట్ల చింతమాను గవిని తవ్వినప్పుడు ఎముక పనిముట్లు దొరికాయి. ఫుట్ మాటకు బలం వచ్చింది.

ఆయన పొరపాట్లు కూడా చెప్పుకోవాలి. పాతరాతియుగానికీ కొత్తరాతియుగానికీ మధ్య ఈ దేశంలో పెద్ద ఖాళీ ఉందని ఆయన భావించారు. తరువాతి పరిశోధన ఆ ఖాళీని పూడ్చింది. బళ్లారి ప్రాంతపు బూడిద దిబ్బలు మాత్రం పశువుల పేడ కాలిన బూడిదేనని ఆయన చెప్పిన మాట సరైనదని తేలింది.

ఫుట్ 1891లో ఉద్యోగ విరమణ చేశారు. తరువాత బరోడా, మైసూరు సంస్థానాలకు పనిచేసి ఏర్కాడులో స్థిరపడ్డారు. తన జీవితకాల సేకరణను 1904లో మద్రాసు మ్యూజియానికి అమ్మారు. దాన్ని వివరించే ఆయన గ్రంథాలు 1914లో, 1916లో అచ్చయ్యాయి. వాటిని చూసుకోకుండానే 1912 డిసెంబరు 29న కలకత్తాలో కన్నుమూశారు.

తన చేతిలోని రాయి వయసెంతో ఫుట్‌కు తెలిసే మార్గం లేదు. ఈనాడు మనకు తెలుసు. అత్తిరంపాక్కం పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో తేలింది. అలాంటి చేతిగొడ్డళ్లలో ఇంకా పాతవి ఆఫ్రికాలో, కెన్యాలోని తుర్కానా సరస్సు దగ్గర దొరికాయి. వాటి వయసు సుమారు 17 లక్షల 60 వేల ఏళ్లు. మనలాంటి మనుషుల తొలి ఎముకలు కూడా ఆఫ్రికావే. ఏ ఖండాన్ని చరిత్ర లేనిదని తెల్లదొరలు ఈసడించారో, అదే మనందరి పుట్టినిల్లు అయింది!

ఈ కథలో యాగంటి పక్కనే ఉన్న జ్వాలాపురానికీ చోటుంది. సుమారు 74 వేల ఏళ్ల క్రితం 2,500 కిలోమీటర్లకు పైగా దూరంలో, సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద జుర్రేరు లోయలో మేట వేసింది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ఆ బూడిద పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు కనుగొని 2007లో ప్రకటించింది. అవి ఆఫ్రికా నుంచి వచ్చిన మనలాంటి మనుషులవేనని వారు వాదించారు. ఆ వలస ఇంకా తరువాత జరిగిందని మరికొందరి వాదన. ఈ తగవు ఇంకా తెగలేదు. ఈలోపు ఆ బూడిదను జనం తవ్వి అమ్ముకోవడంతో చాలా భాగం పోయింది. వారిని తప్పుపట్టలేం. కూలి దొరికే చోట పని చేశారు. అది ఎంత విలువైనదో వారికి చెప్పినవారెవరు?

నాకు ఒక్క లోటు అనిపిస్తుంది. గుహలకు దొరలు పెట్టిన ఇంగ్లీషు పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. గడ్డపార పట్టి, మట్టి తట్టలు మోసిన కూలీల పేర్లు మనకు వినపడవు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా తాతల పేర్లు కూడా ఏ పుస్తకంలోనూ లేవు. కానీ చేతిగొడ్డలి చెక్కినవాడు రాజు కాదు, పండితుడు కాదు. చేతులతో పని చేసుకుని బతికినవాడు. మానవ చరిత్రలో మొదటి పుట రాసింది అలాంటివాళ్లే. అందుకే మనకు చరిత్ర లేదని ఎవరన్నా తల దించుకోవలసిన పని లేదు.

తమ్ముళ్లారా! చేలోనో వాగులోనో వింతగా చెక్కిన రాయి కనిపిస్తే విసిరేయకండి, జేబులోనూ వేసుకోకండి. అది ఎక్కడ ఉందో అక్కడ ఉంటేనే దానికి విలువ. ఆ చోటు గుర్తుపెట్టుకుని మీ సారుకు చెప్పండి, పురావస్తు శాఖకు తెలియజేయించండి. దూరదేశం నుంచి వచ్చిన ఫుట్ మన రాళ్లను చదవడం మొదలుపెట్టారు. మిగిలింది చదవవలసినవాళ్లం మనమే.