పల్లాడియో మహాశిల్పి చరిత్రము

మనము ప్రతిదినము ఎన్నియో ద్వారములు దాటి పోవుచుందుము. కాని ద్వారబంధమును, దానిపై నడ్డముగా నుండు ఉత్తరాశిని, స్తంభములమీది దూలమును తలయెత్తి చూచువా రరుదు. చూచినవారును అవి కేవలము సొగసుకై యేర్పడిన వనుకొందురు. అట్లు కాదని తన పనిచేత లోకమునకు నేర్పిన యొక రాతిపనివాని చరిత్రమిది.

ఇటలీ దేశమున పాడువా పట్టణమందు 1508వ సంవత్సరము నవంబరు 30వ తేదీన ఆండ్రియా జన్మించెను. తండ్రి పిండిమరలవద్ద పనిచేసి జీవించువాడు. 1521లో బాలుని రాతిపని నేర్చుటకై ఆరేండ్ల యొడంబడికతో ఒక పనివానియొద్ద నుంచిరి. రెండేండ్లు గడచునంతలో అతడు విచెంజా పట్టణమునకు పారిపోయెను. ఒడంబడిక తప్పెనని యాతని మరల రప్పించిరి. 1524లో తిరిగి విచెంజా చేరి, అచ్చటి యొక శిల్పశాలలో ప్రవేశించెను. ద్వారబంధములు, బలిపీఠములు, సమాధులు చెక్కుట ఆ శాలవారి వృత్తి. ముప్పదియేండ్ల ప్రాయము సమీపించువరకు అతడు ఉలి పట్టిన పనివాడే.

ఆ కాలమున త్రిస్సినో అను పండితుడు ఊరివెలుపలి తన భవనమును బాగుచేయించుచు, ఈ పనివాని బుద్ధిసూక్ష్మతను గనిపెట్టెనని చెప్పుదురు. ఆయన యాతనికి ప్రాచీనవిద్య నేర్పి, పల్లాడియో యను పేరుపెట్టి, 1541లో రోమునకు తోడ్కొని పోయెను. అచ్చటి శిథిలాలయములలో పల్లాడియో స్తంభమును, దాని పీఠమును, శిరస్సును, మీది దూలమును వేర్వేరుగా కొలిచి చిత్రించుకొనెను.

విచెంజా పురసభాభవనము చుట్టునున్న వసారాలలో కొంతభాగము 1496లో కూలిపోయెను. ప్రసిద్ధశిల్పుల నెందరినో రప్పించి యోచన యడిగినను పని కుదురలేదు. పాతభవనపు ఎడము లన్నియు సమానముగా లేకుండుటయే చిక్కు. 1546లో పల్లాడియో తన యుపాయమును కొయ్యతో నిర్మించి చూపెను. నడుమ నొక కమాను; దాని కిరువైపుల చిన్న స్తంభములు; ఆ స్తంభములనుండి పెద్ద కంబము వరకు అడ్డదూలము వేసిన సందులు. కమానుల వెడల్పు మారదు; హెచ్చుతగ్గులన్నియు దూలముల క్రింది సందులలో నిమిడిపోవును. చూచువారికి భేదము తోచదు. 1549లో సభవారు దీని నంగీకరించి, ఆయనకు నెలకు 5 డ్యూకట్ల జీత మేర్పరచిరి.

ధనవంతుల గ్రామభవనములలో ఆయన రాతిని మితముగా వాడెను. గోడలును, తరచుగా స్తంభములును ఇటుకతో కట్టి గార పూయించి, చెక్కడము నిశితముగా నుండవలసిన స్తంభశిరస్సులకును, కిటికీచట్టములకును మాత్రము రాయి నుంచెను.

1570లో వెనీసునందు ఆయన వాస్తువిద్యపై నాలుగు భాగముల గ్రంథమును ప్రకటించెను. ద్వారబంధపు వెడల్పు ద్వారపు వెడల్పులో ఆరవవంతునకు తగ్గరాదు, ఐదవవంతునకు మించరాదు అని యందు నిర్ణయించెను. ద్వారముల మీది ముక్కోణపు కప్పును సొగసుకై నడుమ చీల్చువారిని మందలించెను. వాన నాపుటకు పుట్టిన కప్పును చీల్చుట ప్రకృతివిరుద్ధమని ఆయన వాదము.

కీర్తి వచ్చినను దుఃఖము తప్పలేదు. 1572లో ఇద్దరు కుమారులు మరణించిరి. 1575లో వెనీసున మహమారి వ్యాపింపగా, అది తొలగినయెడల రక్షకుని పేర ఆలయము కట్టింతుమని పాలకులు మ్రొక్కుకొనిరి. 1577లో పునాది వేసిన ఆ ఆలయమునకు రూపమిచ్చినవాడు పుత్రశోక మనుభవించిన యీ వృద్ధుడే. 1580వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన ఆయన పరమపదించెను. ఆ ఆలయముగాని, 1617లో పూర్తియైన పురసభాభవనముగాని సంపూర్ణముగా చూచు భాగ్య మాయనకు కలుగలేదు.

ఆయన గ్రంథము ఇంగ్లండునకును అమెరికాకును పాకెను. 19వ శతాబ్ది తొలి యేండ్లలో హైదరాబాదునందు నిర్మింపబడి, తరువాత స్త్రీల కళాశాలకు నెలవైన రెసిడెన్సీ భవనపు స్తంభములలో ఆయన పద్ధతి నేటికిని కానవచ్చును.

విద్యార్థులారా! బాల్యమున పని విడిచి పారిపోయినవాడు తిరిగి అదే యులి చేపట్టి, చెక్కిన ప్రతి గీతకును ప్రయోజన ముండవలెనని తెలిసికొనెను. మన మాటలకును, చేతలకును కూడ అట్టి కొలత యుండుగాక!