సూరత్ సభ్యుడు మొరార్జీ

నియోజకవర్గాల పునర్విభజన ప్రస్తావన వచ్చినప్పుడల్లా రాజధానిలో ఉత్తర, దక్షిణాల లెక్కలే వినిపిస్తాయి. తాపీ తీరాన ఉన్న సూరత్ ఎవరికీ గుర్తు రాదు. 1957 మొదలు 1977 వరకు అయిదు ఎన్నికలలో వరుసగా ఆ నగరం నుంచి లోక్‌సభకు వచ్చిన మొరార్జీ దేశాయ్ జీవితం ఈ సమస్యతో విచిత్రంగా ముడిపడి ఉన్నది.

ఆయన 1896 ఫిబ్రవరి 29న ఆనాటి సూరత్ జిల్లాలోని భదేలీ గ్రామంలో జన్మించారు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగాన్ని 1930లో త్యజించి జాతీయోద్యమంలో ప్రవేశించారు. 1952లో బొంబాయి శాసనసభకు పోటీచేసి 19 ఓట్ల తేడాతో పరాజితులైనా, పార్టీ ఆయననే ముఖ్యమంత్రిని చేసింది. ఒక్కొక్క ఓటు విలువ ఆయనకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

కేంద్రంలో ఆర్థికమంత్రి, ఉపప్రధాని పదవులు నిర్వహించారు. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు ఇందిరాగాంధీకి ఎదురు నిలిచారు. 1971 ప్రభంజనంలో సైతం సూరత్ ఆయనను విడనాడలేదు. 1974లో గుజరాత్ శాసనసభ రద్దుకోసం, 1975లో అక్కడ ఎన్నికలకోసం నిరాహారదీక్షలు పూనారు. మొండితనమన్నవారు అన్నారు, రెండుసార్లూ ప్రభుత్వమే దిగివచ్చింది.

ఆయన నిర్బంధంలో ఉండగా, 1976లో 42వ రాజ్యాంగ సవరణ వచ్చింది. లోక్‌సభ స్థానాల పంపకాన్ని, నియోజకవర్గాల సరిహద్దులను అది 1971 జనాభా లెక్కలకే కట్టివేసింది. 1977లో ప్రధాని అయిన మొరార్జీ ఆ సవరణలోని అనేక అంశాలను 43, 44 సవరణల ద్వారా తొలగింపజేశారు. చట్టసభల కాలపరిమితి తిరిగి అయిదేళ్లయింది. స్థానాల స్తంభన మాత్రం చెక్కుచెదరలేదు. జనాభాను అదుపు చేసుకున్న దక్షిణాదికి అది రక్షాకవచమే. కాని సరిహద్దులనుకూడ బిగించడం వల్ల పెరిగే నగరాలకు అన్యాయం జరిగింది. ఈ రెండింటినీ వేరుచేసే అవకాశం జనతా ప్రభుత్వానికి ఉండినది. అది దానిని వినియోగించుకోలేదని ఈ రచయిత అభిప్రాయం.

1971లో సుమారు 4.7 లక్షలున్న సూరత్ జనాభా 2011 నాటికి 44 లక్షలు దాటింది. వజ్రాల సానపట్టు, మరమగ్గాలు దేశం నలుమూలలనుంచి జనాన్ని రప్పించాయి. వారిలో తెలంగాణ పద్మశాలీలూ ఉన్నారు. ఓటును స్వగ్రామంలోనే ఉంచుకున్నవారు ఎందరో! 2001లో 84వ సవరణ స్తంభనను 2026 తరువాతి తొలి జనగణన వరకు పొడిగించింది. 2003లో 87వ సవరణ, రాష్ట్రాల వాటాలు మార్చకుండానే, సరిహద్దులను 2001 లెక్కలపై దిద్దడానికి అనుమతించింది. మొరార్జీ 1995లోనే కన్నుమూశారు.

గుజరాత్‌కు అవే 26 స్థానాలు. కనుక 2008 పునర్విభజనలో లింబాయత్, ఉధనా, మజూరా వంటి సూరత్ నగరభాగాలు కొత్తగా ఏర్పడిన నవసారి నియోజకవర్గంలోకి పోయాయి. 2024లో మొరార్జీ స్థానమైన సూరత్‌లో పోలింగే జరగలేదు. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కృతమై, మిగిలినవారు విరమించుకొనగా ఎన్నిక ఏకగ్రీవమైంది. ఆ ఏడాది లింబాయత్ వాసులు మాత్రం ఓటు వేశారు, నవసారి సభ్యుని ఎన్నికకు.