గృహస్థుడైన భగీరథుడు: సర్ ఆర్థర్ కాటన్

కృష్ణానది నీరు విజయవాడయొద్ద ఏలూరు కాలువలో ప్రవేశించి, గన్నవరపు పొలములమీదుగా తూర్పునకు సాగును. ఏలూరు చేరిన పిదప గోదావరినుండి వచ్చు కాలువతో కలియును. రెండు మహానదులను కలిపిన ఈ జలమార్గముపై ఒకప్పుడు ధాన్యపు పడవలు నిరంతరము తిరుగుచుండెడివి. ఇటీవల గన్నవరపు విమానాశ్రయమును విస్తరించునపుడు ఈ కాలువనే ప్రక్కకు మళ్లించి క్రొత్తగా త్రవ్వవలసి వచ్చెను. విమానము దిగుటకు చోటు కావలసివచ్చినను, ఆ నీటిని వదలుకొనుటకు ఎవ్వరును సాహసింపలేదు. ఈ డెల్టా ప్రాణమంతయు ఆ నీటిలోనే కలదు. ఆ ప్రాణమును పోసిన వారిలో ముఖ్యుడు సర్ ఆర్థర్ థామస్ కాటన్.

ఆనకట్టలు కట్టిన ఇంజనీరుగా ఆయనను అందరును ఎరుగుదురు. ఎండను వానను లెక్కింపక ఏటి గట్లవెంట తిరుగుటయే ఆనందముగా భావించిన ప్రకృతిప్రియుడనియు, భార్యాబిడ్డలయెడ అపారమైన అనురాగము గల గృహస్థుడనియు తెలిసినవారు తక్కువ. ఈ రెండు గుణములును లేనిచో ఆయన చేసిన పని జరిగియుండెడిది కాదు.

కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. ఆ తలిదండ్రులకు పదునొకండుగురు కుమారులు. అందు ఈయన పదియవవాడు. అంతటి పెద్ద కుటుంబములో పెరిగినవాడగుటచే ఉన్నదానిని పంచుకొనుట ఆయనకు బాల్యముననే అలవడెను. అడిస్కంబు సైనిక విద్యాలయమున చదివి, 1821లో మద్రాసు చేరెను. 1824 మొదలు జరిగిన మొదటి బర్మా యుద్ధమున పాల్గొనెను. అనంతరము ఆయన మనస్సు కత్తినుండి నీటివైపు మరలెను.

తంజావూరు సీమలో కావేరిపై చోళరాజుల కాలమునాటి కల్లణై ఆనకట్ట కలదు. కాటన్ ఆ కట్టడమును దినములతరబడి పరిశీలించెను. గట్టి రాతినేల దొరకని నదీగర్భమున, ఇసుకపైననే రాళ్లు పేర్చి ప్రవాహమును అదుపుచేయవచ్చునని ఆయన అచట నేర్చెను. ఆ విద్యను పుస్తకములు నేర్పలేదు. ఈ దేశపు పూర్వులు నేర్పిరి. ఆ సంగతిని దాచక ఒప్పుకొనుట ఆయన సజ్జనత్వమునకు నిదర్శనము. ఆ జ్ఞానముతోనే 1836లో కొల్లడమునది పై ఆనకట్టలను నిర్మించెను.

ఆరుబయట గడపిన ఆ సంవత్సరములు ఆయన దేహమును దెబ్బతీసెను. ఆరోగ్యము చెడి, విశ్రాంతికొరకు ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మానియా దీవికి వెళ్లవలసివచ్చెను. అచట 1841లో ఎలిజబెత్ లియర్మంత్ అను యువతిని వివాహమాడెను. అప్పటికి ఆయనకు ముప్పదియెనిమిదేండ్లు. మరుసటి సంవత్సరము వారికి తొలి కుమార్తె జన్మింపగా తల్లిపేరే ఆ బిడ్డకు పెట్టిరి. ఎండలో తిరుగుటచే వచ్చిన వ్యాధియే ఆయనకు ఒక ఇంటిని ప్రసాదించెనని చెప్పవచ్చును.

అటువంటి దశలో సామాన్యుడు చల్లని సీమలో స్థిరపడును. కాటన్ భార్యను, పసిబిడ్డను వెంటబెట్టుకొని తిరిగి మన దేశమునకు వచ్చెను. విశాఖపట్టణమున కొంతకాలము పనిచేసి, వాల్తేరునందు ఒక ప్రార్థనాలయమును కూడ నిర్మించెను. పిదప గోదావరి సీమను పరిశీలించు బాధ్యత ఆయనకు లభించెను.

ఆనాటి గోదావరి మండలము నేటి గోదావరి మండలము కాదు. నిండుగా పారు నది ప్రక్కననే ప్రజలు ఆకలితో మరణించుచుండిరి. 1832–33 నాటి నందననామ సంవత్సరపు డొక్కల కరువు గుంటూరు సీమలో సుమారు లక్షన్నర ప్రాణములను బలిగొనెను. తరువాత తుపాను వచ్చెను, వరదలు వచ్చెను. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో ఏడు లక్షలకు పైబడియున్న జనసంఖ్య 1841 నాటికి సుమారు అయిదు లక్షల అరువదివేలకు దిగజారెను.

కాటన్ గోదావరి పాయలను, లంకలను, గట్లను స్వయముగా తిరిగి చూచెను. నేల ఎటు వాలియున్నది, వరదనీరు ఎచట నిలుచును, ఇసుక ఎచట మేటవేయును అను విషయములను కన్నులార గమనించెను. డెల్టా శిఖరముననున్న ధవళేశ్వరమువద్ద నదిని కొలదిగా ఎత్తు లేపినచో, నేలవాలును బట్టి నీరు తనంతట తానే సముద్రమువరకు పొలములకు ప్రవహించునని తేల్చెను. గదిలో కూర్చుండి పటములు చూచువానికి తట్టని ఉపాయము, గట్టుమీద నడచువానికి తట్టెను.

1847లో పని ప్రారంభమయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, నడుమనున్న లంకలను ఆధారము చేసికొని, ఆనకట్ట కట్టసాగిరి. వేలకొలది కూలీలు రాళ్లు మోసిరి. కాటన్ సంసారము నదీతీరముననే ఉండెను. వడగాడ్పులు వీచు మన వేసవి ఆ చల్లని దీవినుండి వచ్చిన ఇల్లాలికి ఎంత కఠినముగా నుండెనో ఊహింపవచ్చును. దేశముకాని దేశమున బిడ్డలను సాకుచు, పగలెల్ల నదిలోనుండు భర్తకొరకు ఎదురుచూచిన ఆమె ఓర్పు కూడ ఆ ఆనకట్టలో ఒక రాయియే.

1848లో ఎండదెబ్బ మరల ఆయనను పడగొట్టెను. పనిని కెప్టెన్ ఆర్ అను సహచరునకు అప్పగించి ఆస్ట్రేలియాకు వెళ్లెను. ఆరోగ్యముకొరకు పనిని విడచినాడు గాని సంకల్పమును విడువలేదు. 1850లో తిరిగివచ్చి, 1852 నాటికి ఆనకట్టను పూర్తిచేసెను. ఆ మహాకార్యమున స్థానికుడైన వీణెం వీరన్నగారి సహాయము మిక్కిలి గొప్పది. పనివారికిని దొరలకును నడుమ వారధిగా నిలిచిన ఆయనను గోదావరి ప్రజలు నేటికిని స్మరింతురు.

ఆ కాలముననే కోనసీమలోని మరియొక గన్నవరమువద్ద, వైనతేయ పాయపై, నలుబదితొమ్మిది కమానుల అక్విడక్టును లెఫ్టినెంట్ హేగ్ నిర్మించెను. క్రింద నది పారుచుండగా పైన కాలువ పారి నగరము లంకకు నీరు చేరెను. ఆ విధముగా గోదావరి సీమలోని గన్నవరమును, కృష్ణా సీమలోని గన్నవరమును ఒకే కాలపు కృషివలన నీటిని పొందెను. బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టవలెనను ఆలోచన కాటన్‌కు ముందే కొందరు ఇంజనీర్లకు కలదు. ఆయన దానికి గట్టి మద్దతునిచ్చెను. కెప్టెన్ ఆర్ 1852లో ప్రారంభించి 1855లో దానిని ముగించెను. దాదాపు నూరేండ్లు సేవచేసిన ఆ ఆనకట్టకు 1952లో గండిపడగా, దాని స్థానమున 1957 నాటికి ప్రకాశం బారేజి వెలసెను.

ఆయన తలపెట్టినవన్నియు ఫలింపలేదు. ఆయన ప్రోత్సాహముతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో ప్రారంభించిన కర్నూలు–కడప కాలువ నష్టములలో మునిగి, 1882లో ప్రభుత్వపరమయ్యెను. రైలుమార్గములకంటె కాలువలే ఈ దేశమునకు ముఖ్యమని ఆయన వాదించుటచే శత్రువులు పెరిగిరి. 1878లో, డెబ్బదియైదేండ్ల వయసున, పార్లమెంటు సంఘము ఎదుట నిలిచి కఠినమైన ప్రశ్నలకు సమాధానములు చెప్పవలసివచ్చెను. అప్పటికే 1876–78 నాటి ఘోర క్షామము దక్షిణదేశమును కబళించియుండెను. బళ్లారి, కర్నూలు సీమలు ఎండి బూడిదకాగా, గోదావరి కృష్ణా డెల్టాలు పంటతో నిలిచి ఇతరులకు కూడ ధాన్యమునందించెను. ఆయన వాదమునకు అంతకుమించిన సాక్ష్యము లేదు. కంపెనీవారు శిస్తు రాబడిని ఆశించియే ధనమిచ్చిరనుట నిజము. అయినను కాటన్ లెక్కలో రాబడికంటె ప్రాణమే ముందుండెను.

1861లో సర్ బిరుదమును పొందిన కాటన్, ఇంగ్లండులోని డార్కింగ్ పట్టణమున శేషజీవితమును కుటుంబముతో గడపెను. విశ్రాంతి యనగా ఆయనకు పడక కుర్చీ కాదు. ఇంటి తోటలో నేలను లోతుగా త్రవ్వి, వేళ్లు దిగుటకు వీలుకల్పించి గోధుమను పండించు ప్రయోగములు చేసెను. కొద్ది నేలలో ఎక్కువ ధాన్యము పండినచో పేదవానికి అన్నము దొరకునని ఆయన ఆశ. నదులను మళ్లించిన చేతులు వృద్ధాప్యమున మట్టి పెల్లలను చిదిపెను. 1899 జూలై 24వ తేదీన, తొంబదియారేండ్ల వయసున, ఆయన తుదిశ్వాస విడిచెను.

మరుసటి సంవత్సరము ఆయన జీవితచరిత్ర వెలువడెను. దానిని వ్రాసినది ఆయన కుమార్తె ఎలిజబెత్, అనగా లేడీ హోప్. టాస్మానియాలో పుట్టి, తండ్రి చేయిపట్టుకొని మన దేశమునకు వచ్చిన ఆ పసిబిడ్డయే ఆమె. లోకమునకు సేవచేసిన పలువురు తమ ఇంటివారికి అపరిచితులుగా మిగిలిపోవుదురు. తండ్రి పనిని తెలిసికొని, ప్రేమించి, గ్రంథముగా వ్రాయగల కుమార్తె ఉండుటయే ఆ గృహస్థు ధన్యతకు గుర్తు.

నేడు గోదావరి సీమలో పెక్కు గ్రామములయందు కాటన్ విగ్రహములు కలవు. కొన్నిటియందు ఆయన గుర్రముపై కూర్చుండి, ఇప్పుడే గట్టు చూచుటకు బయలుదేరినట్లుండును. గోదావరీ స్నానసమయమున పండితులు భగీరథునితో పోల్చి ఆయనను స్మరించుటయు కలదు. వంశమువారి సద్గతికొరకు గంగను తెచ్చినవాడు భగీరథుడు. తనవారు కాని బిడ్డల ఆకలి తీర్చుటకు నదులను మళ్లించినవాడు కాటన్. తన బిడ్డను ప్రేమించుట నేర్చినవాడు లోకమునందలి బిడ్డలందరిని ప్రేమింపగలడు. ఇల్లు ఆ ప్రేమకు మొదలే గాని హద్దు కారాదని ఆయన జీవితము మన కుటుంబములకు తెలుపుచున్నది.