మిల్టన్ యుగం దాటిన మిల్టన్

ఆంగ్ల సాహిత్య చరిత్రను చదువబూనిన విద్యార్థి మొట్టమొదట కంఠస్థం చేయవలసినది యుగ విభజన. ఎలిజబెత్ యుగం, జాకోబియన్ యుగం, ప్యూరిటన్ యుగం, రెస్టొరేషన్ యుగం అంటూ సంవత్సరాలతో సహా మనమందరం వల్లెవేసినవారమే. తెలుగు సాహిత్యాన్ని నన్నయ యుగం, శ్రీనాథ యుగం అని కవుల పేరిట విభజించుకొన్నట్లే, ఆంగ్ల సాహిత్య చరిత్రకారులు కొందరు 1625 నుండి 1660 వరకు గల కాలాన్ని మిల్టన్ యుగమనీ, అటుపై 1700 వరకు గల కాలాన్ని డ్రైడన్ యుగమనీ వ్యవహరించారు. పరీక్షలకు ఈ పట్టిక ఎంతో ఉపకరిస్తుంది. కాని ఒక్క విషయం గమనిస్తే మనకు ఆశ్చర్యం కలుగక మానదు. మిల్టన్‌ను విశ్వకవుల సరసన నిలిపిన మూడు మహాకృతులలో ఒక్కటైనా మిల్టన్ యుగంలో వెలువడలేదు. మూడూ డ్రైడన్ యుగంలోనే అచ్చయినాయి. ఇది ఎట్లు సంభవించిందో తెలియాలంటే పట్టికను కొంతసేపు పక్కన ఉంచి, ఆ మహనీయుని జీవితాన్ని పరిశీలించాలి.

జాన్ మిల్టన్ 1608 డిసెంబరు 9వ తేదీన లండన్ నగరంలోని బ్రెడ్ స్ట్రీట్‌లో జన్మించాడు. అప్పటికి షేక్స్పియర్ సజీవుడై నాటకాలు వ్రాస్తూనే ఉన్నాడు. మిల్టన్ తండ్రి దస్తావేజులు వ్రాసి ఇచ్చే వృత్తిలో ఉండి, ధనంతోపాటు గౌరవాన్నీ సంపాదించినవాడు. సంగీత రచన తెలిసినవాడు. మతం విషయంలో తన తండ్రితో విభేదించి, వారసత్వాన్ని కోల్పోయినవాడు కూడా. నమ్మిన దానికోసం నష్టపోవడానికి వెనుదీయని గుణం మిల్టన్‌కు ఇంటినుండే సంక్రమించిందని చెప్పవచ్చు. పన్నెండవ ఏటినుండి అర్ధరాత్రి వరకు దీపం ముందు కూర్చుని చదవడం ఆ బాలునికి అలవాటు. ఆ చదువే తన కన్నులకు తొలి హాని చేసిందని తరువాతి కాలంలో ఆయనే తలచుకొన్నాడు.

1625లో మొదటి చార్లెస్ సింహాసనమెక్కాడు. మిల్టన్ యుగం ప్రారంభమైనట్లు పట్టికలు చెప్పే ఆ సంవత్సరంలో మిల్టన్ పదహారేండ్ల కుర్రవాడు. కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో అప్పుడే చేరాడు. 1632లో ఎం.ఏ. పట్టం పొందిన పిమ్మట చర్చి ఉద్యోగంలో ప్రవేశించక, తండ్రి ఇంటనే ఉండి దాదాపు ఆరేండ్లు గ్రీకు, లాటిన్ గ్రంథాలను ఏకదీక్షతో అధ్యయనం చేశాడు. ఏ సంపాదనా లేని కుమారుని చదువును అన్నేండ్లు భరించిన ఆ తండ్రి ఔదార్యానికి ఆంగ్ల సాహిత్యం ఋణపడి ఉన్నది. 1634లో ప్రదర్శితమైన కోమస్, సముద్రంలో మునిగి మరణించిన సహాధ్యాయి స్మృతికై 1637లో వ్రాసిన లిసిడస్ ఈ కాలానివే. ఈ రచనల వరకే చూచినట్లయితే మిల్టన్‌ను పునరుజ్జీవన కాలపు చివరి కవులలో ఒకనిగా భావించడంలో దోషం లేదు.

1638లో ఆయన ఇటలీ యాత్రకు బయలుదేరాడు. నిర్బంధంలో ఉన్న వృద్ధ శాస్త్రవేత్త గెలీలియోను అక్కడ దర్శించాడు. సత్యం చెప్పిన నేరానికి శిక్ష అనుభవిస్తున్న ఆ మనిషి రూపం ఆయన మనస్సులో చెరగని ముద్ర వేసింది. స్వదేశంలో కల్లోలం చెలరేగుతున్నదని విని 1639లో తిరిగి వచ్చాడు. 1642లో రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం మొదలయింది. మహాకావ్యం వ్రాయాలని చిరకాలంగా సంకల్పించుకొన్న కవి ఆ సంకల్పాన్ని వాయిదా వేసి, వచనం చేపట్టి వాదప్రతివాదాలలోకి దిగాడు. ముందుగా అనుమతి లేనిదే ఏ గ్రంథమూ అచ్చు కారాదని 1643లో పార్లమెంటు శాసించగా, 1644లో ఆరియోపజిటికా అనే గ్రంథం ద్వారా దానిని ఎదిరించాడు. తాను సమర్థించిన పక్షమే తప్పు చేసినప్పుడు దానిని తప్పని చెప్పిన ఆ ధైర్యం మన గౌరవానికి పాత్రమైనది.

1649 జనవరిలో మొదటి చార్లెస్ శిరచ్ఛేదం జరిగింది. ప్రజలు తమ పాలకుని శిక్షింపవచ్చునని సమర్థిస్తూ మిల్టన్ కొద్ది వారాలలోనే ఒక పుస్తకం వెలువరించాడు. మార్చిలో నూతన ప్రభుత్వం ఆయనను విదేశీ భాషల కార్యదర్శిగా నియమించింది. ఇతర దేశాలతో లాటిన్‌లో ఉత్తర ప్రత్యుత్తరాలు నడపడం ఆయన విధి. అప్పటికే చూపు మందగిస్తున్నది. అయినను యూరప్ పండితుల విమర్శలకు ప్రభుత్వం తరఫున సమాధానం వ్రాయవలసి వచ్చింది. ఆ రచన సాగిస్తే మిగిలిన చూపు కూడా పోతుందని వైద్యులు హెచ్చరించినా మానలేదు. ఆ గ్రంథం 1651లో వెలువడింది. 1652 నాటికి ఆయన పూర్తిగా అంధుడైనాడు. ఆ ఏడే భార్య మేరీ మరణించింది. పసివాడైన కుమారుడు కూడా పోయినాడు. 1656లో వివాహమాడిన రెండవ భార్య కేథరిన్ 1658లో మరణించింది. ఆ ఇల్లాలి ముఖాన్ని ఆయన ఎన్నడూ చూచి ఉండడు.

అదే 1658లో క్రామ్వెల్ మరణించాడు. ప్రజలు మళ్ళీ రాజును కోరుతున్నారని స్పష్టమయింది. 1660 వసంతంలో, రాజు రానున్నాడని దేశమంతా ఎదురుచూస్తున్న వేళ, ప్రజాప్రభుత్వాన్ని సమర్థిస్తూ మిల్టన్ మరొక పుస్తకం అచ్చు వేయించాడు. మే నెలలో రెండవ చార్లెస్ లండన్ ప్రవేశించాడు. మిల్టన్ కొంతకాలం మిత్రుల ఇంట తలదాచుకొన్నాడు. ఆయన గ్రంథాలను తలారి చేత బహిరంగంగా కాల్పించారు. తరువాత ఆయనను నిర్బంధించి, డిసెంబరులో విడిచిపెట్టారు. కూడబెట్టిన ధనంలో పెద్దభాగం నశించింది. పట్టికల ప్రకారం మిల్టన్ యుగం ఇక్కడితో ముగిసింది. అప్పటికి మిల్టన్ వయస్సు 51 సంవత్సరాలు.

క్రొత్త యుగం ఆయనకు ఏ విధంగాను చెందినది కాదు. 1642లో మూతపడిన నాటకశాలలు తెరచుకొన్నాయి. రాజాస్థానానికి ప్రీతికరమైన హాస్య నాటకాలు, అంత్యప్రాసలతో కూడిన ద్విపదలు ఆదరణ పొందాయి. క్రామ్వెల్ మృతికి స్మృతిగీతం వ్రాసిన యువకవి డ్రైడన్ 1660లో రాజుకు స్వాగతం పలుకుతూ కావ్యం వ్రాశాడు. 1668లో ఆస్థానకవి అయినాడు. ఇట్టి కాలంలో అంధుడైన మిల్టన్ అంత్యప్రాసలు లేని పద్యపాదాలను రాత్రివేళ మనస్సులో కూర్చుకొని, ఉదయాన దగ్గర ఎవరుంటే వారిచేత వ్రాయించేవాడు. తమకు అర్థం కాని భాషల గ్రంథాలను తండ్రికి చదివి వినిపించవలసి వచ్చిన కుమార్తెలు విసిగిపోయారని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మహాకావ్యాల వెనుక ఇట్టి ఇంటి దుఃఖాలు కూడా ఉంటాయి.

1665లో లండన్‌ను మహామారి ఆవరించగా చాల్ఫాంట్ సెయింట్ జైల్స్ అనే పల్లెలో ఒక చిన్న ఇంట తలదాచుకొన్నాడు. 1666 నాటి మహా అగ్నిప్రమాదంలో ఆయన పుట్టిన ఇల్లు దగ్ధమయింది. 1667లో పారడైజ్ లాస్ట్ పది సర్గలతో వెలువడింది. పదివేలకు పైబడిన పాదాలు గల ఆ కావ్యానికి ప్రచురణకర్త సామ్యూల్ సిమన్స్ ముందుగా చెల్లించినది 5 పౌన్లు; 1300 ప్రతులు అమ్ముడైన పిమ్మట మరి 5 పౌన్లు. గ్రంథాలకు ముందస్తు అనుమతి కూడదని వాదించిన మనిషే తన మహాకావ్యాన్ని అనుమతికై అధికారి ముందు ఉంచవలసి వచ్చింది. సూర్యగ్రహణం రాజులను కలవరపరచుతుందన్న ఒక ఉపమానం దగ్గర ఆ అధికారి శంకించాడని తొలి జీవితచరిత్రకారులలో ఒకరు వ్రాశారు. ఎట్లయితేనేమి, అనుమతి లభించింది. ఆ అనుమతి చట్టం శాశ్వతంగా రద్దయినది 1695లో; అప్పటికి మిల్టన్ గతించి 21 సంవత్సరాలు.

1671లో పారడైజ్ రిగెయిన్డ్, శామ్సన్ అగొనిస్టిస్ ఒకే సంపుటంగా వెలువడ్డాయి. రెండవది శత్రువుల చేత చిక్కి, కన్నులు కోల్పోయిన వీరుని కథ. అందులో కవి స్వీయవేదన వినబడుతున్నదని చదివినవారెవరికైనా తోస్తుంది. 1674లో పారడైజ్ లాస్ట్‌ను పన్నెండు సర్గలుగా దిద్ది, ఆ నవంబరులోనే మిల్టన్ కన్నుమూశాడు. క్రిపిల్‌గేట్‌లోని సెయింట్ జైల్స్ చర్చిలో తండ్రి సమాధి చెంతనే ఆయనను ఖననం చేశారు.

కాలానికి అనుగుణంగా నడచిన డ్రైడన్‌ను మనం నిందించనక్కరలేదు. ఆ కాలంలో మిల్టన్ గొప్పతనాన్ని గుర్తించిన వారిలో ఆయన ముఖ్యుడు. పారడైజ్ లాస్ట్‌ను ప్రాసలతో నాటకంగా మలచి 1677లో ప్రచురించాడు కూడా. ఆ నాటకం రంగస్థలం ఎక్కనే లేదు. మూలకావ్యమో నేటికీ పఠితులను ఆకర్షిస్తూనే ఉన్నది.

1660 అనేది ఒక రాజు తిరిగి వచ్చిన సంవత్సరం. చరిత్రకారుడు ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు గనుక అక్కడ గీశాడు. రాజ్యం మారినంత మాత్రాన కవి హృదయం ఆ గీత దగ్గర ఆగిపోదు. ఢిల్లీ దర్బారు 1857తో అంతరించినా గాలిబ్ కలం ఆగలేదని ఉర్దూ చదివే మిత్రులకు మనం వేరుగా చెప్పనక్కరలేదు. తన పక్షం ఓడి, తన గ్రంథాలు కాలి, చూపు పోయి, సంపద తరిగిన తరువాతనే మిల్టన్ తన బాల్యసంకల్పాన్ని నెరవేర్చుకొన్నాడు. యుగాల పట్టికను మనం తప్పక నేర్చుకొందాము. అయితే 1660 అనే అంకె దగ్గరకు వచ్చినప్పుడల్లా, ఆ గీతకు ఆవలి పక్కన ఒక గుడ్డివాడు తెల్లవారే వేళ లేచి కూర్చుని, వ్రాసిపెట్టేవారి అడుగుల చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాడన్న సంగతిని కూడా జ్ఞాపకం ఉంచుకొందాము.