మూడో అటెంప్ట్

మా పెద్దమ్మ కూతురు కాలిఫోర్నియాలో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో పనిచేస్తూ లైసెన్సు పరీక్షకి చదువుతోంది. మొత్తం ఆరు పేపర్లు. నాలుగు గట్టెక్కింది. గోడలోకి తేమ ఎలా చేరుతుంది, భూకంపం వస్తే ఆ ఊపు ఏ దారిన పునాది దాకా దిగుతుంది, కిటికీ చుట్టూ వాన నీళ్లు లోపలికి రాకుండా ఏం చెయ్యాలి, అవన్నీ డ్రాయింగుల్లో ఎలా చూపించాలి... ఈ బిల్డింగ్ సైన్స్ అంతా ఉన్న పేపరు మాత్రం రెండుసార్లు పోయింది. సరిగ్గా అదే నెలలో నాకు స్ట్రక్చరల్ అనాలిసిస్‌లో సప్లీ తగిలింది. వీడియో కాల్‌లో ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని కాసేపు నవ్వుకున్నాం. ఇంకేం చేస్తాం.

ఫోన్ పెట్టేశాక అక్క ఒక ఫొటో పంపింది. చెట్ల మధ్య ఒక గంటల గోపురం. పెద్ద ఎత్తేమీ కాదు, 72 అడుగులు. చూడ్డానికి మన పాత చర్చిల బురుజులా ఉంది. కింద ఒక పేరు మాత్రం రాసింది: జూలియా మోర్గాన్. సప్లీకి చదవాల్సిన వారం అంతా నేను ఈమె గురించి చదువుతూ కూర్చున్నాను. ఆ పాపంలో మీకూ కొంత వాటా ఇద్దామని ఈ వ్యాసం.

జూలియా 1872లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టింది, పక్కనే ఉన్న ఓక్లండ్‌లో పెరిగింది. బిల్డింగులు కట్టాలని కోరిక. కానీ బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో అప్పటికి ఆర్కిటెక్చర్ బ్రాంచే లేదు. అందుకని సివిల్ ఇంజనీరింగ్‌లో చేరింది. చాలా క్లాసుల్లో ఆమె ఒక్కతే అమ్మాయి. 1894లో డిగ్రీ చేతికొచ్చింది. అక్కడ డ్రాయింగ్ చెప్పే బెర్నార్డ్ మేబెక్ అనే ఆర్కిటెక్ట్ ఆమెలోని ఆసక్తి చూసి, పారిస్‌లోని ఎకోల్ దె బోజార్‌కి వెళ్లమని ప్రోత్సహించాడు. ఆ రోజుల్లో ఆర్కిటెక్చర్ చదువుకి దాన్ని మించిన చోటు లేదు.

ఒక్కటే ఇబ్బంది. ఆ విద్యాలయంలో ఆడవాళ్లని చేర్చుకోరు.

అయినా 1896లో వెళ్లింది. ఫ్రాన్స్‌లోని మహిళా కళాకారులు అప్పటికే తలుపులు తెరవమని పోరాడుతున్నారు. మరుసటి ఏడు ఎంట్రన్స్ రాయడానికి అనుమతి దొరికింది. ఎంట్రన్స్ అంటే ఒకప్పటి మన ఎంసెట్‌లా మూడు గంటల్లో బబుల్స్ దిద్దడం కాదు. లెక్కలు, జ్యామితి, చరిత్ర, బొమ్మలు, పైగా రోజంతా ఒక చోట కూర్చుని గీయాల్సిన డిజైన్. అంతా ఫ్రెంచిలో, అంతా మీటర్లలో. అడుగులు అంగుళాల్లో పెరిగిన మనిషికి ఆ మార్పు ఎంత చికాకో, మేస్త్రీ అడుగుల్లో చెబితే మిల్లీమీటర్లలో గీసే మనకి బాగా తెలుసు. సీట్లు 30. మొదటిసారి ఆమె ఆ ముప్పైలోకి రాలేదు.

రెండోసారి కూడా రాలేదు. అయితే ఈసారి కారణం వేరు. అమ్మాయిల్ని ప్రోత్సహించడం ఇష్టం లేక పరీక్షకులు కావాలనే మార్కులు తగ్గించారని ఆమెకి తెలిసింది. ఆ సంగతి ఒక ఉత్తరంలో రాసుకుంది కూడా. ఇక్కడ నేను కాసేపు చదవడం ఆపేశాను. నా సప్లీకి కారణం నేనే, అందులో సందేహం లేదు, మూమెంట్ డిస్ట్రిబ్యూషన్‌లో గుర్తులు తప్పేశాను. తప్పు మనదైతే ఏం దిద్దుకోవాలో తెలుస్తుంది. మన తప్పు లేకుండా ఫెయిల్ చేస్తే ఏం దిద్దుకుంటాం? ఆమె మాత్రం మళ్లీ డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చుంది. 1898లో మూడోసారి రాసింది. 376 మందిలో 13వ స్థానం. ఇంక తగ్గించడానికి వాళ్లకి వీలు లేకుండా పోయింది.

చేరాక ఇంకో మెలిక ఉంది. 30 ఏళ్లు నిండితే అక్కడ పోటీల్లో పాల్గొనకూడదు, సర్టిఫికెట్ రాదు. అప్పటికే ఆమెకి 26. చాలామందికి అంతకంటే ఎక్కువ పట్టే కోర్సుని మూడేళ్లలో ముగించి, 1902లో ఆ విద్యాలయం నుంచి ఆర్కిటెక్చర్ సర్టిఫికెట్ అందుకున్న మొదటి మహిళ అయింది.

తిరిగొచ్చి జాన్ గాలెన్ హోవర్డ్ అనే ఆర్కిటెక్ట్ దగ్గర చేరింది. బర్క్‌లీ క్యాంపస్‌లో మైనింగ్ బిల్డింగ్, గ్రీక్ థియేటర్ పనులు చూసింది. తన దగ్గర చాలా ప్రతిభ గల డిజైనర్ ఉందని, ఆడమనిషి కాబట్టి జీతం పెద్దగా ఇవ్వక్కర్లేదని ఆయన చెప్పుకునేవాడట. అది ఆమె చెవిన పడింది. గొడవేం పడలేదు. 1904లో లైసెన్సు తీసుకుంది, సొంత ఆఫీసు పెట్టుకుంది. కాలిఫోర్నియాలో ఆర్కిటెక్ట్ లైసెన్సు పొందిన మొదటి మహిళ ఆమే.

లైసెన్సు అంటే మనలో కొంతమందికి చిన్నచూపు, స్టాంపు వేసే హక్కు అంతే కదా అని. సివిల్ మిత్రులకి ఒక మాట: మన దేశంలో కూడా 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కాకుండా ఎవరూ పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని పెట్టుకోకూడదు. మనం ఎన్ని ఇళ్ల ప్లాన్లు గీసినా సరే. ఆ కాగితం వెనకాల ఏముండాలో జూలియా విషయంలో రెండేళ్లలోనే తేలిపోయింది.

అక్క పంపిన గోపురం ఆ 1904లోదే. ఓక్లండ్‌లోని మిల్స్ కాలేజీ ఆవరణలో గంటల కోసం కట్టింది. పేరు ఎల్ కాంపనీల్. దాన్ని జూలియా రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుతో కట్టింది. ఇప్పుడు మన ఊళ్లో పశువుల పాకకి కూడా స్లాబ్ వేస్తున్నాం గానీ, అప్పుడది కొత్త సరుకు. చాలామందికి నమ్మకం లేదు.

1906 ఏప్రిల్ 18, తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలు. శాన్ ఫ్రాన్సిస్కోని భూకంపం కుదిపేసింది. ఆ వెంటనే మంటలు, రోజుల తరబడి. సుమారు 3,000 మంది పోయారు, 28,000 పైగా కట్టడాలు నాశనమయ్యాయి. జూలియా ఆఫీసు కూడా అందులో పోయింది. బే అవతల ఓక్లండ్‌లోనూ ఇళ్లు దెబ్బతిన్నాయి. మిల్స్ కాలేజీ గోపురం మాత్రం నిలబడే ఉంది.

ఎందుకు నిలబడిందో మన రెండో ఏడాది పుస్తకంలోనే ఉంది. ఇటుక గోడ బరువు మొయ్యడంలో దిట్ట. పై నుంచి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. భూకంపం పై నుంచి నొక్కదు, పక్కకి లాగుతుంది. అప్పుడు గోడలో ఒక వైపు సాగదీత పుడుతుంది. ఇటుకకీ ఇటుకకీ మధ్య ఉన్న అతుకు ఆ లాగుడుకి విడిపోతుంది. కాంక్రీటుకి కూడా ఒంటరిగా ఆ శక్తి లేదు. లోపల ఉన్న ఇనుప చువ్వలు లాగుడుని తీసుకుంటాయి, చుట్టూ ఉన్న కాంక్రీటు నొక్కుడుని తీసుకుంటుంది. గోడలన్నీ ఒకే ముద్దగా కదులుతాయి. ఇది నేను మిడ్స్‌లో నాలుగు మార్కులకి రాసిన జవాబు. దాని ముందు నూట ఇరవై ఏళ్లుగా ఒక గోపురం నిలబడి ఉందని ఎవరూ చెప్పలేదు.

తర్వాత పని వెతుక్కుంటూ వచ్చింది. నాబ్ హిల్ మీద ఫెయిర్‌మాంట్ హోటల్ తెరవడానికి సిద్ధమవుతుండగా భూకంపం వచ్చింది. ఊపుకి తట్టుకుంది గానీ మంటలకి లోపలంతా కాలిపోయింది. ఉక్కు మండదు, నిజమే. కానీ 600 డిగ్రీల సెల్సియస్ దగ్గరికొచ్చేసరికి దాని బలం సగానికి పడిపోతుంది. స్తంభాలు వంగాయి, అంతస్తులు కుంగాయి. దాన్ని నిలబెట్టే బాధ్యత 34 ఏళ్ల జూలియాకి ఇచ్చారు. 1907 ఏప్రిల్ కల్లా, అంటే సరిగ్గా ఏడాదికి, హోటల్ తెరుచుకుంది. ఆ మధ్యలో ఒక విలేకరి వచ్చి లోపలి అలంకారం గురించి అడిగితే, తను చేసేదంతా స్ట్రక్చర్ పని అని జూలియా చెప్పి పంపించిందట. ఆడమనిషి కనిపించగానే కర్టెన్ల గురించి అడగడం ఆ కాలంతోనే పోలేదు, మా అక్కని అడగండి.

ఆమె మొత్తం 700కి పైగా కట్టడాలు చేసింది. అన్నీ చెప్పను. బర్క్‌లీలో సెయింట్ జాన్స్ చర్చి ఒకటి నాకు నచ్చింది. డబ్బు తక్కువ. పైన చెక్క ఫ్రేముకి ప్లాస్టరు పూయకుండా, వాసాలూ నిట్టాడులూ కనిపించేలా వదిలేసింది. బరువు ఏ దారిన కిందకి దిగుతోందో లోపల కూర్చున్నవాళ్లకి కనపడుతుంది. అందమూ అదే, పొదుపూ అదే.

అందరికీ తెలిసింది మాత్రం పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ కోసం శాన్ సిమియన్ కొండ మీద కట్టిన భవనం. 1919 నుంచి 1947 దాకా సాగింది. 165 గదులు. హర్స్ట్ ఈరోజు ఒకటి కట్టించి రేపు మార్చమనే రకం. నెప్ట్యూన్ కొలను ఒక్కదాన్నే మూడుసార్లు చేయించాడు. వారమంతా శాన్ ఫ్రాన్సిస్కో ఆఫీసులో పని, వారాంతంలో రాత్రి రైలెక్కి అక్కడికి ప్రయాణం. అయిదడుగుల మనిషి, స్కర్టు కింద ప్యాంటు వేసుకుని పరంజాలు ఎక్కేది. బాగా రాని పని విప్పించి మళ్లీ చేయించేది. ఆఫీసులో లాభం వస్తే సిబ్బందికి పంచేది. నాకైతే హర్స్ట్ భవనం మరీ ఆర్భాటంగా అనిపించింది, ఫొటోలు చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ ఆ హంగుల వెనక ఉన్నది ఇనుప చువ్వల కాంక్రీటే. 2003 డిసెంబరులో ఆ కొండకి దగ్గర్లోనే 6.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. భవనానికి పెద్ద దెబ్బేమీ తగల్లేదు. మరింత దూరంలో ఉన్న పాసో రోబ్లెస్ ఊళ్లో, చువ్వలు లేని పాత ఇటుక కట్టడం కూలి ఇద్దరు చనిపోయారు.

తన గురించి చెప్పుకోవడం ఆమెకి గిట్టదు. వ్యాసాలు రాయలేదు, ఇంటర్వ్యూలు తప్పించుకునేది. 1951లో ఆఫీసు మూసేసింది. 1957లో, 85వ ఏట కన్నుమూసింది. అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ తన బంగారు పతకం ఆమెకి ఇచ్చింది, 2014లో. ఆ పతకం అందిన మొదటి మహిళ ఆమే, పోయిన 57 ఏళ్లకి.

నా సప్లీ వచ్చే నెల 9న. అక్క మూడో అటెంప్ట్ దానికి పది రోజుల తర్వాత. ఆ ముందు ఆదివారం ఓక్లండ్ వెళ్లి గోపురం చూసొస్తానంది. దగ్గర నుంచి గోడ ఫొటో తియ్యమని చెప్పాను, కాంక్రీటు మీద సెంట్రింగ్ చెక్కల గుర్తులు ఏమైనా ఉన్నాయేమో చూడాలి.